స్కోంటో రెండో గోల్‌కీపర్

ధర్మవరంలో రామప్ప సిల్క్స్ అనే చీరల దుకాణం ఉండేది. గల్లాపెట్టెకు పైన గోడ మీద ఆ దుకాణం ఫుట్‌బాల్ టీం ఫోటోలు ఏడాదికొకటి వరసగా తగిలించి ఉండేవి. ప్రతి ఫోటోలోనూ నడుమ కప్పు, కప్పు వెనక రామప్ప సావుకారి, ఆయనకు అటూ ఇటూ ఆటగాళ్లు. మొట్టమొదటిది తప్ప ప్రతి ఫోటోలోనూ ఎడమ చివర ఒక పొడవాటి మనిషి, మిగతావాళ్లకు కొంచెం దూరంగా, చేతులు వెనక్కి పెట్టుకుని. మొదటి ఫోటోల్లో అతనికి జుట్టు ఒత్తుగా ఉంది. తర్వాతవాటిలో నుదురు పెరుగుతూ వచ్చింది. నిలబడిన చోటు మాత్రం మారలేదు. అతను కదిరప్ప. మా పక్కింటాయన. నేను మామా అని పిలిచేదాన్ని. టీంలో ఆయన రెండో గోల్‌కీపర్.

గోల్‌కీపర్ పని మిగతావాళ్ల పనిలాంటిది కాదు. పరిగెత్తేవాళ్లు అలసిపోతే మార్చి ఇంకొకరిని దింపుతారు. గోల్‌కీపర్ నిలబడే మనిషి కాబట్టి అలసిపోడు. అతనికి దెబ్బ తగలాలి, లేదా జ్వరం రావాలి. అప్పుడే రెండోవానికి పని. మొదటి గోల్‌కీపర్ మహేష్‌కు ఆ ఏళ్లన్నిట్లో దెబ్బ తగల్లేదు, జ్వరమూ రాలేదు. కదిరప్ప ప్రతి మ్యాచ్‌కూ బూట్లు కట్టుకుని పోయేవాడు. గీత బయట బెంచీ మీద కూర్చునేవాడు. మ్యాచ్ అయ్యాక బూట్లు విప్పుకుని వచ్చేవాడు.

ఆయనది పెనుకొండ. కొండ కింద, కోట గోడ రాళ్లు ఇళ్ల మధ్యకు దొర్లి ఉండే వీధి. నాయన చిన్నప్పుడే పోయాడు. అమ్మ వెంకటమ్మ వేరుశనగ చేలల్లో కూలికి పోయేది. బడిలో డ్రిల్లు మాస్టరు తిరుపాల్ సార్, ఆదివారం చర్చికి పోయే మనిషి. ఒకరోజు పిల్లలచేత బంతి పట్టిస్తూ ఆయన కదిరప్ప దగ్గర ఆగి, "ఏదీ, చెయ్యి చాపు," అన్నాడు. చాపితే తన చెయ్యి దాని మీద పెట్టి చూసుకున్నాడు. మాస్టరు చెయ్యి అందులో మునిగిపోయింది.

"నువ్వు పరిగెత్తాకు. ఆడ నిలబడు," అని రెండు రాళ్ల నడుమ చోటు చూపించాడు.

ఆ చోటు కదిరప్పకు నచ్చింది. అందరూ అరుస్తూ తిరుగుతుంటే అక్కడ ఒక్కడే మాట్లాడకుండా నిలబడవచ్చు. బంతి వచ్చినప్పుడు మాత్రం దాన్ని ఆపాలి. బంతి అరచేతులకు తగిలిన మంట చాలాసేపు ఉండేదనీ, అన్నం తినేటప్పుడు కూడా తెలిసేదనీ ఆయన తర్వాత చెప్పాడు.

1991 దసరాకు మూడూళ్ల కప్పు మొదలైంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుదారి మీది ఊళ్లు. ఒకరితో ఒకరు ఆడాక, మిగిలిన రెండు టీంలకు విజయదశమి సాయంత్రం ఫైనల్. మొదటి ఏడు ఫైనల్లో ధర్మవరం తరఫున రామప్ప సిల్క్స్, ఎదురుగా పెనుకొండ. పెనుకొండ గోలులో కదిరప్ప. చీకటి పడేదాకా ఎవరూ గోలు కొట్టలేకపోయారు. చివరికి రూపాయి ఎగరేసి ధర్మవరానికి కప్పు ఇచ్చారు. రామప్ప సావుకారి కప్పు అందుకున్నాడుగానీ ఆయన చూపు పెనుకొండ గోల్‌పోస్టు మీదే ఉందని అందరూ చూశారు.

వారం తిరక్కముందే సావుకారి అరటిపళ్లు తీసుకుని వెంకటమ్మ ఇంటికి వచ్చాడు.

"ఏమ్మా, మీవాని చేతులు చూసినావా? ఇట్లాటి చేతులు పట్టుచీర మడిచేదానికే పుట్టింటాయి. మా దుకాణంలో పని ఇస్తా. నీడపట్టున ఉంటాడు."

"ఆట?" అన్నాడు కదిరప్ప.

"ఆట కూడా మా టీంలోనే. బూట్లు ఇస్తా."

వెంకటమ్మ ఆ ఎండాకాలమంతా చేలో వంగి నడుము పట్టేసి ఉంది. "నీడలో పని సామీ. ఇంగేం గావల్ల," అంది.

రైలు ఎక్కించడానికి తిరుపాల్ సార్ స్టేషన్‌కు వచ్చాడు. "పో. పని వద్దనమని నేనెట్ల చెప్తా? కానీ ఒక మాట. వాళ్లకు మహేష్ ఉండాడు. నువ్వు వాని కంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. నిన్ను తీసుకుపోయేది ఆడించేదానికి కాదప్పా. ఈడ ఆడకుండా చేసేదానికి."

"అట్లేం లేదులే సార్," అన్నాడు కదిరప్ప. ఏడాదో రెండేళ్లో ఆగితే తన వంతు వస్తుందనుకున్నాడు.

సావుకారి చెడ్డమనిషి కాదు. ఆయనకు ఓడిపోవడం చేతకాదు, అంతే. హిందూపురంలో గోల్స్ బాగా కొట్టే ఆదెప్ప అనే కుర్రవాడు కనిపిస్తే, మరుసటి ఏటికి ఆదెప్ప ధర్మవరంలో రామప్ప సిల్క్స్ మగ్గాల దగ్గర లెక్క చూసేవాడయ్యాడు. పెనుకొండలో ఎవరి కాలు బాగుందని పేరొస్తే ఆ కాలు దసరా నాటికి సావుకారి బూటులో ఉండేది. మూడూళ్లలో ఆడగలిగినవాళ్లంతా ఒకేచోట చేరాక కప్పు ఇంకెక్కడికి పోతుంది? మొదట్లో ఫైనల్‌కు జనం మిద్దెల మీదకెక్కి చూసేవారు. తర్వాత తర్వాత పలచబడ్డారు. మైదానం దగ్గర ఉడకేసిన వేరుశనక్కాయలు అమ్మే ఈరక్క ఒక ఏడు బుట్ట ఎత్తుకుని మధ్యలోనే లేచిపోయింది.

"యారు గెలుస్తారో తెలిసిన ఆటకు యారొస్తారప్పా? కాయలన్నీ నాకే మిగుల్తాండాయి. మీరు గెలిచేది, నేను తినేది," అంది బెంచీ మీదున్న కదిరప్పతో.

ఆయన రెండు గుప్పిళ్ల కాయలు కొన్నాడు. గుప్పిళ్లు పెద్దవని ఆమె గొణిగింది.

దుకాణంలో కదిరప్ప పని చీరలు మడవడం. మగ్గం దిగివచ్చిన పట్టుచీరను అంచు అంచుకు ఆనించి, కొంగు పైకి కనపడేలా మడిచి, మడతల నడుమ జరీ నల్లబడకుండా కాగితం పెట్టాలి. ఈ పనికి అరచేయి నున్నగా ఉండాలి. చర్మం గరుకుగా ఉంటే పట్టుపోగు తగులుకుని లేస్తుంది. పోగు లేచిన చీర విలువ పోయినట్టే. అందుకని రోజూ పొద్దునా రాత్రీ చేతులకు కొబ్బరినూనె పట్టించుకోవాలని సావుకారి నియమం పెట్టాడు. వట్టి చేతులతో బంతి పట్టకూడదన్నాడు. ఒకసారి బెంగుళూరు పోయినప్పుడు రెండు జతల గ్లౌజులు తెచ్చాడు. మహేష్‌కు ఇచ్చింది ఆడటానికి. కదిరప్పకు ఇచ్చింది చేతులు పాడుకాకుండా ఉండటానికి. ప్రాక్టీసులో ఆయన పని గోలు వెనక నిలబడి, పక్కకు పోయిన బంతులు తెచ్చి ఇవ్వడం.

కొన్నేళ్లకు ఆ చేతులు చంటిపిల్ల బుగ్గల్లా అయ్యాయి. మా అమ్మ వడియాలు పెడుతూ, "మీ ఆయన చేతులు చూస్తే నాకు సిగ్గయితాది నారాయణమ్మా," అనేది. నారాయణమ్మత్త కదిరప్ప భార్య. మాట పదును.

"చేతులు నున్నగానే ఉండాయక్కా. పేరు గోల్‌కీపరు. ఇంతవరకు ఒక గోలు ఆపిందీ లేదు, ఇచ్చిందీ లేదు. గుడిముందర సింహం మాదిరి కూర్చోని వస్తాడు."

కదిరప్ప నవ్వేవాడు కాదు, కోపగించుకునేవాడూ కాదు. గెలిచిన రాత్రి లారీలో డప్పులతో ఊరేగింపు పోయేది. ఆయన ఇంటికి వచ్చి, "గెలిచినాం," అనేవాడు. కరెంటు వచ్చింది అని చెప్పినట్టు ఉండేది. బాధగా ఉండేదా అంటే, అదీ కాదనుకుంటాను. ఒకసారి నేనే అడిగాను. "కాలు తిమ్మిరెక్కితే నొప్పి తెలీదు కదా పాపా. అట్ల," అన్నాడు.

1999లో, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, ఆయన ఒక కాగితం ముక్క పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చీరల మడతల్లో పెట్టడానికి దుకాణంలో పాత ఇంగ్లీషు పేపర్లు తూకానికి కొనేవారు. ఆట పేజీలు దొరికితే ఆయన పక్కన పెట్టుకునేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని టీంల పేర్లు చదవగలడు.

"పాపా, ఇది చెల్సీ. పెద్ద టీం. ఇంగోటి ఈ ఊరేది? యాడుండాది?"

సన్న అక్షరాల్లో ఒక్క వరస. స్కోంటో రీగా సున్నా, చెల్సీ సున్నా. నేను బడి అట్లాసు తీశాను. అది పాతది. అందులో సోవియట్ యూనియన్ ఇంకా ఒకే రంగులో ఉంది. లాత్వియా అనే దేశానికి గీత లేదు. సముద్రం ఒడ్డున రీగా అని చిన్న చుక్క మాత్రం దొరికింది. కింద నాలుగు వరసల వార్త ఉంటే చదివి చెప్పాను. లండన్‌లో జరిగిన ముందు మ్యాచ్‌లో స్కోంటో మూడు గోల్స్ తేడాతో ఓడిపోయింది, అందుకని ఈ సున్నా సున్నాతో లాభం లేదు, పోటీ నుంచి బయటికి పోయినట్టే. సొంత దేశంలో మాత్రం 1991 నుంచి ఏ ఏడూ దానికి ఎదురులేదు.

"తొంబై ఒకటి నుంచా?" అన్నాడు. ఆ కాగితం వెనక్కి తీసుకుని చూశాడు. "అయితే మన సావుకారి టీమే. ఇంట్లో పులి." ఆ సున్నా మీద వేలు పెట్టి, "ఈ పొద్దు మాత్రం చెల్సీకి ఒక్క గోలు ఇయ్యలా. గోలీ ఎవురని రాసినారా?"

రాయలేదు.

అప్పటినుంచి ఆయనకు అది "మన స్కోంటో" అయింది. వెనకటి పేపర్లు కూడా వెతికాడు. బార్సిలోనా చేతిలో ఓడింది, ఇటలీలోని ఇంటర్ చేతిలో ఓడింది. ఎండాకాలం పోయాక పెద్ద టీంలతో ఒకటి రెండు ఆటలు, ఓటమి, మళ్లీ ఇంటికి పోయి సొంత కప్పు. ఏటా అదే. పేపర్లో నాలుగు వరసలకు మించి ఎప్పుడూ రాయరు. ఆ నాలుగు వరసల కోసం ఆయన పాత పేపర్ల కట్టలన్నీ తిరగేసేవాడు.

2002లో స్టేషన్ రోడ్డులో ఇంటర్‌నెట్ సెంటర్ పెట్టారు. డిగ్రీ సెలవుల్లో ఆయన నన్ను అక్కడికి తీసుకుపోయాడు. అద్దాల గదిలో చెప్పులు బయట విప్పి, కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను వెతికి చదువుతూ పోయాను. సోవియట్ యూనియన్ విడిపోతున్న కాలంలో రీగాలో ఈ క్లబ్బు పుట్టింది. వెనక ఒక వ్యాపారి ఉన్నాడు. దేశం టీంలో ఆడేవాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే. కొత్తగా సొంత స్టేడియం కూడా కట్టుకున్నారు. ఏడాది తర్వాత ఏడాది మొదటి స్థానం స్కోంటోదే. మిగతా క్లబ్బులు రెండో స్థానం కోసం ఆడుకుంటాయి. గోల్స్ కొట్టినవాళ్ల పేర్లు ఉన్నాయి. శిక్షకుల పేర్లు ఉన్నాయి.

కదిరప్ప మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"రెండో గోలీ పేరు ఉండాదేమో చూడు పాపా."

వెతికాను. ఆ పేజీల్లో లేదు.

"ఉంటాడు," అన్నాడు. "లేకుండా ఎట్లుంటాడు. గెలిచే టీంకు రెండోవాడు ఉండాల. వాడు ఎప్పుడన్నా ఆడినాడో లేదో, అది తెలిస్తే బాగుండు."

నాకప్పుడు అర్థమైంది. ఆయనకు కావలసింది కప్పు కాదు. ఒక్కసారి ఆ రెండు కర్రల నడుమ నిలబడి, తన చేతులు ఇంకా ఆ చేతులేనా అని తెలుసుకోవాలి. అప్పటికి ఆయనకు ముప్పై దాటి చాలా ఏళ్లయింది. నూనె రాయడం ఒక్కరోజూ మానలేదు.

మరుసటి దసరాకు జరిగింది ఇది.

ధర్మవరంలో ఆయుధపూజ నాడు మగ్గం చప్పుడు వినపడదు. నేతగాళ్లు మగ్గంలోంచి నాడె తీసి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచుతారు. నేసేటప్పుడు అటూ ఇటూ పోగును మోసుకుపోయేది ఆ నాడె. అది దేవుని ముందర ఉన్నంతసేపు దాన్ని పట్టే మనిషి కూడా ఆ పని చెయ్యకూడదు. మర్నాడు విజయదశమి పొద్దున మళ్లీ పూజ చేసి దించాకే పని. సావుకారి నాడెతో పాటు తక్కెడ పెట్టేవాడు. టీం మొదలైనప్పటినుంచి బంతి, గోల్స్ కొట్టే ఆదెప్ప బూట్లు, గోల్‌కీపర్ల రెండు జతల గ్లౌజులు కూడా పెట్టేవాడు. పొద్దున పూజలోంచి దించుకుని పోయి సాయంత్రం ఫైనల్ ఆడి గెలవడం అలవాటు.

ఆ ఏడు నారాయణమ్మత్త పూజకని గ్లౌజులు ఉతికి, పొయ్యి పక్కన ఆరేసింది. సంగటి కుండ దించేటప్పుడు మసిగుడ్డ చేతికి అందలేదు. గ్లౌజులు అందాయి. అవి తొడుక్కుని కుండ దించింది. ఒకదాని అరచేయి కాలి చిల్లు పడింది. రెండోదానికి మసి. కదిరప్ప వాటిని అట్లాగే దుకాణానికి తీసుకుపోయాడు.

సావుకారి చూసి, "ఏందప్పా ఇది, దేవుని ముందర సంగటి మసి పెట్టమంటావా? తీసుకపో ఇంటికి," అన్నాడు.

మహేష్ గ్లౌజులు పూజలోకి పోయాయి. కదిరప్పవి మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చాయి.

పూజ అయింది. అందరూ బొరుగులు, బెల్లం తింటున్నారు. అప్పుడు పెనుకొండ నుంచి ఫోను వచ్చింది. ఆ ఏడు ఫైనల్ పెనుకొండలో, పెనుకొండతోనే. మైదానంలో మర్నాడు ఒక పార్టీ సభ ఉందని, పందిరి వేస్తున్నారని, ఫైనల్ ఈరోజు సాయంత్రమే ఆడాలని తిరుపాల్ సార్ చెప్పాడు.

"ఏం సారూ, నాటకాలా?" అన్నాడు సావుకారి. "మీకు ఆయుధపూజ లేదు, చర్చి ఉండాది. మాకు ఉండాది కదా."

అవతల ఏమన్నాడో మాకు తర్వాత తెలిసింది. "పందిరి ఏసేవాళ్లు మా చర్చివాళ్లు కాదు సావుకారీ. మీరు రాకపోతే రాలేదని రాసుకుంటాం. కప్పు ఈడనే ఉంటాది."

సావుకారి ఫోను పెట్టి గోడమీది ఫోటోల వైపు చూశాడు. బంతి అవతలివాళ్లు తెస్తారు. దానితో బాధ లేదు. ఆదెప్ప లేచి, "నేను ఇంగొకరి బూట్లేసుకుంటా సావుకారీ," అన్నాడు.

"బూట్లు కాదురా. ఆడ పెట్టింది నీ కాళ్లే అనుకో. మగ్గం మీద అందరికీ ఒక మాట, నీకొక మాటా? రేప్పొద్దున నేతోళ్లు నన్ను అడగరా?"

మహేష్ ఎవరూ అడక్కముందే తల అడ్డంగా ఊపాడు. వాళ్ల ఇంట్లోనూ మగ్గం ఉంది. అప్పుడు ఒక్కొక్కరే తలలు తిప్పి గుమ్మం దగ్గర కూర్చున్న కదిరప్ప వైపు చూశారు.

"నీ గ్లౌజులు యాడుండాయి?" అన్నాడు సావుకారి.

"సంగటి కుండ కాడ."

ఎవరో నవ్వారు. "మన నారాయణమ్మక్క దేవతే. మొగుణ్ని గోలులోకి తోసింది," అన్నాడు ఆదెప్ప.

ఆ మాట విన్నప్పుడు గుండె గబగబా కొట్టుకుంటుందని ఎన్నో ఏళ్లుగా అనుకున్నాడట కదిరప్ప. కొట్టుకోలేదు. బొరుగులు నమిలి మింగి, లేచి ఇంటికి వచ్చి గ్లౌజులు తీసుకున్నాడు. "అన్నిటికీ మసి గుడ్డే కావల్లంటే యాడ తెచ్చేది," అని నారాయణమ్మత్త ఇంకా తనను తాను సమర్థించుకుంటూనే ఉంది. "ఆడతాండా," అన్నాడు. ఆమె గరిటె కింద పెట్టింది. తర్వాత చీర మార్చుకుని, నన్ను కూడా రమ్మని, టెంపోలో వెనక ఎక్కింది.

బయల్దేరేముందు సావుకారి కదిరప్పను పక్కకు పిలిచాడు. "గెలుపు సంగతి దేవుడు చూసుకుంటాడు. గ్లౌజులు మాత్రం తీయాకు. దీపావళి గిరాకీ ముందరుండాది. నీ చేతులతో నాకు పనుండాది."

పెనుకొండ మైదానంలో చాలా ఏళ్ల తర్వాత జనం కిక్కిరిసి ఉన్నారు. ఆదెప్ప లేడు, మహేష్ లేడు అని వార్త పాకిపోయింది. ఈరక్క రెండు బుట్టలు తెచ్చుకుంది. మైదానం చివర పందిరి గుంజలు అప్పుడే పాతి ఉన్నాయి. కదిరప్ప నడిచిపోయి రెండు కర్రల నడుమ నిలబడ్డాడు. చిన్నప్పుడు రాళ్లు ఉన్న చోటు అది. ఒకసారి కింద చూసుకున్నాడు, అంతే.

"ఏమప్పా కదిరప్పా, దారి తెలిసిందా?" అని ఎవరో అరిచారు. "ఈడ నిలబడి ఎన్నాళ్లయింది, బెంచీ యాడని వెతుక్కుంటాండావా?"

మొదటి బంతి సులువుగా నేలమీద దొర్లుకుంటూ వచ్చింది. వంగి తీసుకున్నాడు. జనం ఎగతాళిగా చప్పట్లు కొట్టారు. రెండోది ఛాతీ ఎత్తున బలంగా వచ్చింది. పట్టాడుగానీ గ్లౌజు చిల్లు దగ్గర జారి, కాళ్ల దగ్గర పడింది. మళ్లీ మీద పడి పట్టుకున్నాడు. గ్లౌజు కాలిన చోట బిగుసుకుపోయి వేళ్లు వంగడం లేదని మాకు దూరం నుంచే తెలుస్తూ ఉంది. సగం ఆట అయ్యేసరికి రెండు టీంలూ సున్నా దగ్గరే ఉన్నాయి. ఆదెప్ప లేకపోతే మనవాళ్లకు గోలు ఎలా కొట్టాలో తెలియదని ఆరోజే తెలిసింది.

విరామం తర్వాత కదిరప్ప గ్లౌజులు తీసి గోలు వెనక పడేశాడు.

సావుకారి గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్ కదిరప్పా, చేతులు! గ్లౌజులేసుకో!"

కదిరప్ప విన్నాడు. వినలేదని తర్వాత ఎవరితోనూ అనలేదు. ముందుకే చూస్తూ, మోకాళ్లు కొంచెం వంచి నిలబడ్డాడు. నారాయణమ్మత్త నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత బంతులు వస్తూనే ఉన్నాయి. ఎడమపక్కకు దూకి ఒకటి తోశాడు. గులకరాళ్ల మీద పడి మోచేతులు దోక్కుపోయాయి. ఎదురుగా దూసుకొచ్చిన కుర్రవాని కాళ్ల ముందర పడి ఒకటి లాక్కున్నాడు. ఒకటి నేరుగా ముఖం మీదికి వచ్చింది. రెండు అరచేతులతో ఆపాడు. ఆ దెబ్బ చప్పుడు మైదానం ఇవతలికి వినపడింది. ఎగతాళి చేసేవాళ్లు మాట్లాడటం మానేశారు. వాళ్ల ఊరి మనిషే ఆపుతున్నాడు, అరవాలో వద్దో వాళ్లకు తెలియలేదు.

పొద్దు కొండ వెనక్కి పోతున్నప్పుడు గోలు పడింది. పెనుకొండ కుర్రవాడు కొట్టిన బంతికి కదిరప్ప సరిగ్గానే కదిలాడు. అది నడుమ మన టీం మనిషి తొడకు తగిలి దారి మార్చుకుని, ఖాళీగా ఉన్న రెండోపక్క నుంచి లోపలికి పోయింది. కదిరప్ప దాన్ని వలలోంచి తీసి మధ్యకు విసిరాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంకో గోలు ఎవరూ కొట్టలేదు. రామప్ప సిల్క్స్ ఓడిపోయింది.

జనం మైదానంలోకి దూకారు. తిరుపాల్ సార్ తన టీం దగ్గరికి పోకుండా ముందు కదిరప్ప దగ్గరికి వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడి ఉంది. "ఏదీ, చెయ్యి చాపు," అన్నాడు.

చాపాడు. అరచేతులు ఎర్రగా కమిలి, వేళ్ల మొదట్లో చర్మం లేచిపోయి, ఇసుక అంటుకుని ఉన్నాయి.

"మండుతాందా?"

"మండుతాంది సార్."

తిరుపాల్ సార్ తల ఊపి వెళ్లిపోయాడు.

సావుకారి తిట్టలేదు. టెంపో ఎక్కేటప్పుడు, "ఇంటికి పోతానే నూనె రాసుకో," అని మాత్రం అన్నాడు. ఫోటో తీసే మనిషి ధర్మవరం నుంచి మాతోనే వచ్చాడు. కప్పు లేదు కాబట్టి కెమెరా సంచిలోంచి తియ్యలేదు. దుకాణం గోడ మీద ఆ ఏడుకు ఫోటో లేదు. కదిరప్ప ఆడని ఏళ్లన్నిటికీ ఉన్నాయి.

ఆ రాత్రి నారాయణమ్మత్త అన్నం కలిపి పెట్టింది. నూనె గిన్నె పక్కన పెట్టింది. ఆయన అన్నం తిన్నాడు, నూనె ముట్టుకోలేదు. మర్నాడూ ముట్టుకోలేదు. పుండ్లు మానేదాకా ఆగుతున్నాడని అందరూ అనుకున్నాం. పుండ్లు మాని, తోలు గట్టిపడింది. అయినా ముట్టుకోలేదు. పొద్దున లేచి పెరట్లో గోడకు బంతి కొట్టి పట్టుకోవడం మొదలుపెట్టాడు, వట్టి చేతులతో. దుకాణంలో ఒక చీర మడుస్తుంటే పోగు లేచింది. ఇంకొకటి లేచింది. సావుకారి ఆయన చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "నువ్వు ఇంగ బయట అరుగు మీద పార్సెళ్లు కట్టు," అన్నాడు. కదిరప్ప సరే అన్నాడు. మడత గదిలో ఫ్యాను ఉండేది. అరుగు మీద మధ్యాహ్నం ఎండ పడుతుంది.

మరుసటి ఏడు రామప్ప సిల్క్స్ టీం కప్పుకు పేరు ఇవ్వలేదు. ఊళ్లో "కదిరప్ప ఆడిన ఏడు" అనే మాట మిగిలింది. ఎవరి పెళ్లి ఎప్పుడయిందో చెప్పాలంటే అది వాడుతుంటారు. ఆయన ముందరే అన్నా ఆయన పట్టించుకోడు.

2005 డిసెంబరులో నేను యూనివర్సిటీ నుంచి సెలవులకు వచ్చాను. ఎం.ఏ. మొదటి ఏడు. కదిరప్ప అరుగు మీద పార్సెల్‌కు పురికొస బిగిస్తున్నాడు. నన్ను చూసి, "పాపా, మన స్కోంటో ఏమాయె? నువ్వు పోయినాక చూసేవాళ్లు లేరు," అన్నాడు.

మధ్యాహ్నం భోజనం వేళ ఇంటర్‌నెట్ సెంటర్‌కు పోయాం. నేను చదివి, ఒకసారి మళ్లీ చదివి చెప్పాను. పోయిన ఏటితో వరసగా పద్నాలుగు ఏళ్లు గెలిచారు. ఈ ఏడు గెలవలేదు. లియెపాయా అని ఇంకో ఊరుంది, సముద్రం ఒడ్డునే. ఆ ఊరి టీం మొదటి స్థానంలోకి వచ్చింది.

ఆయన తెర వైపు వంగాడు. తనకు అర్థం కాని అక్షరాల మీద చూపు మెల్లగా పోయింది.

"ఓడిన ఆటలకు గోలులో యారుండిరి?"

వెతికాను. "రాయలేదు మామా."

"ఊఁ," అన్నాడు. కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "రెండోవాడు ఒక ఆటన్నా ఆడింటాడు. ఓడే ఏడు వానికి ఏదో ఒక పొద్దు వంతు వచ్చింటాది."

"మీకెట్ల తెలుసు?"

"తెలీదు. అనుకుంటాండా."

అరగంట అయిందని కౌంటరు దగ్గర కుర్రవాడు పిలిచాడు. కదిరప్ప లేచి, బయట చెప్పులు వేసుకున్నాడు. అద్దాల తలుపు తెరిచి పట్టుకుని నేను వచ్చేదాకా నిలబడ్డాడు. ఆ అరచెయ్యి అద్దం మీద గరగరమంది.

"పార్సెళ్లు మిగిలిండాయి," అని ఎండలోకి దిగి దుకాణం వైపు నడిచాడు.